కర్ణం మీద కూర్చున్న అయ్యగారు

బందరులో ఒక మిషను హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆనందరావుకి పిల్లలు పెట్టిన పేరు కర్ణాల మాస్టారు. ఆ పేరు తన చెవిన పడనట్టు ఉండటానికి ఆయన చాలా అవస్థపడేవాడు. పిల్లలు మరిచిపోతారేమోనన్న భయంతో మాత్రం నెలకోసారైనా కర్ణాల ప్రసక్తి తెచ్చేవాడు.

చతుర్భుజాల పాఠం వచ్చిందంటే ఆయన క్లాసుకి ఒక చట్రం పట్టుకొచ్చేవాడు. నాలుగు వెదురు బద్దలు, మూలకొక మేకు. నిలబెడితే చక్కని దీర్ఘచతురస్రం. పై బద్దని వేలితో నెడితే పక్కకి ఒరిగిపోయేది.

"భుజాలు మారాయా?"

"లేదండీ."

"మూలలు?"

"మారాయండీ."

"అందుకని భుజాల్ని నమ్మకండి. భుజాలు మొహమాటస్థులు. ఎవరు ఎటు నెడితే అటు ఒరుగుతాయి. ఈ మూల నుంచి ఆ ఎదుటి మూలకి గీత గీస్తే అది కర్ణం. రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా వస్తే ఇది దీర్ఘచతురస్రం. రాకపోతే మిమ్మల్ని ఎవరో మోసం చేస్తున్నారన్నమాట."

ఈ జాగ్రత్త ఆయన క్లాసులోనే వదిలిపెట్టలేదు. నులక మంచం అల్లించుకుంటే కర్ణాలు కొలిచాకే పడుకునేవాడు. పెళ్ళికి పిలిస్తే పందిరి నాలుగు రాటలకీ మధ్య అడుగులు వేసి చూసి, పెళ్ళికొడుకు తండ్రి చెవిలో ఏదో చెప్పి వచ్చేవాడు. ఆ పెళ్ళికొడుకు తండ్రులు ఆయన్ని రెండో పెళ్ళికి పిలిచేవారు కాదు. భార్య రత్నం దుప్పటి మడతపెడుతుంటే ఈయన రెండో కొస పట్టుకునేవాడు, సాయానికి కాదు, తనిఖీకి.

అలాంటి మనిషి సొంతిల్లు మొదలుపెట్టాడు.

అది సిమెంటుకి పర్మిట్టు కావలసిన రోజులు. పర్మిట్టు వచ్చింది, ఊరి చివర స్థలం ఉంది, మాబు మేస్త్రి దొరికాడు. పునాది ప్రార్థనకి ముందురోజు సాయంత్రం ఆనందరావు స్వయంగా నాలుగు మేకులు పాతి, దారం కట్టి, రెండు కర్ణాలూ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ రాత్రి ఆయనకి పట్టిన నిద్ర ఆ తర్వాత చాలాకాలం పట్టలేదు.

తెల్లారి షామియానావాళ్ళు వచ్చారు. ఉత్తరం వైపు మేకులు రెండూ గుంజలకి అడ్డమని పీకారు. పని అయ్యాక, మర్యాదస్తులు గనుక, మళ్ళీ పాతారు. ఎక్కడ పీకారో అక్కడే పాతామని వాళ్ళ నమ్మకం.

"మేకులు కదిలినట్టున్నాయయ్యా. మళ్ళీ కొలుద్దాం," అన్నాడు మాబు.

ఆనందరావు టేపు తీశాడు. నాలుగు భుజాలూ కొలిచాడు. ఎదురెదురువి సరిగ్గా సరిపోయాయి. ఇక కర్ణాలు కొలుద్దామని తలెత్తేసరికి, వచ్చినవాళ్ళంతా ఆ నాలుగు మేకుల మధ్యే చాపలు పరుచుకుని కూర్చున్నారు. నడిమధ్యన కుర్చీలో చర్చి పాస్టరు అయ్యగారు ఉన్నారు.

నడిమధ్యన అంటే రెండు కర్ణాలూ కలిసేచోట. పాపం ఆయన ఏ ఒక్కదాని మీద కూర్చున్నా రెండోది కొలుచుకునే వీలుండేది. ఆయన రెండింటి మీదా కూర్చున్నారు.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆనందరావు ఒక్కడే కళ్ళు తెరుచుకుని, చేతిలో టేపుతో, ఆ కుర్చీవైపు చూస్తూ నిలబడ్డాడు. టేపు అయ్యగారి తల మీదుగా లాగొచ్చు. దైవసేవకుడి తల మీద ఇనప టేపు ఏం బాగుంటుంది? కుర్చీ కింద నుంచి లాగొచ్చు. మధ్యలో కళ్ళు తెరిస్తే, కాళ్ళ మధ్య టేపుతో పాకుతున్న లెక్కల మాస్టారు కనిపిస్తాడు. ఇవేమీ కాదు, "అయ్యగారూ, ఒక్కసారి లేస్తారా" అని అడగొచ్చు. ఆ మాట ఆనందరావు గొంతుదాకా వచ్చి, అక్కడ మర్యాదగా కూర్చుండిపోయింది.

ప్రార్థన అయింది. అయ్యగారే మొదటి పలుగు దెబ్బ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాఫీలు వచ్చాయి. కూలీలు పునాది తవ్వేస్తున్నారు.

'భుజాలు సరిపోయాయిగా,' అనుకున్నాడు ఆనందరావు.

ఇల్లు పూర్తయింది. కృతజ్ఞతా కూడిక శనివారం సాయంత్రం అని నిర్ణయించారు.

ఆనందరావు వాళ్ళలో దేనికైనా కృతజ్ఞతా కూడిక పెడతారు. పిల్లాడు పాసైతే పెడతారు. ట్రాన్స్‌ఫరు వస్తే పెడతారు, ఆగిపోతే ఇంకొంచెం ఘనంగా పెడతారు. పది మందీ వస్తారు, పాటలు పాడతారు, దేవుడు చేసిన మేలు గురించి ఇంటివాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు, తర్వాత పులిహోర పెడతారు. సొంతిల్లంటే మామూలు మేలు కాదు. అందుకని ఆనందరావు చర్చివాళ్ళతోపాటు స్కూల్లో స్టాఫంతటినీ పిలిచాడు. ముఖ్యంగా రెండో లెక్కల మాస్టారు సీతారామయ్యని పిలిచాడు.

సీతారామయ్యది బీజగణితం. జామెట్రీ అంటే పిల్లల బొమ్మలాట అని ఆయన అభిప్రాయం, ఆ అభిప్రాయం ఆనందరావు వినేలా చెప్పడం ఆయన అలవాటు. ఆయన ఆరేళ్ళ కిందట గుడివాడలో ఇల్లు కట్టుకున్నాడు. శనివారం బండికి వెళ్ళి సోమవారం బండికి వస్తాడు. ఆ ఇంటి గృహప్రవేశానికి స్టాఫులో ఒక్కర్ని పిలవలేదు. ఆ తర్వాతయినా "ఓసారి గుడివాడ రండి" అని నోరుజారి అనలేదు. ఆయన వట్టి పిసినారి అని స్టాఫ్ రూము ఏకగ్రీవంగా తీర్మానించింది.

"ఈ శనివారం బండి మానుకుని మా ఇంటికి రావాలి మాస్టారూ," అన్నాడు ఆనందరావు.

"వస్తానండీ. కర్ణాల మాస్టారి ఇల్లు చూడాలిగా," అన్నాడు సీతారామయ్య.

కూడిక ఇంకా నాలుగు రోజులుందనగా దివిసీమ నుంచి వచ్చిన బస్సు మీద ఒక చాప దిగింది.

పంపింది రత్నం తల్లి జ్ఞానమ్మ. అవనిగడ్డ అవతల, లంకల దగ్గర ఊరు ఆమెది. కూతురి ఇంటికి ఆమె కృతజ్ఞత కానుక అది. హాలు పొడవూ వెడల్పూ ముందే ఉత్తరం రాయించి తెప్పించుకుని, గోడల వెంట బెత్తెడు వదిలి నేయించింది. మంచి తుంగ చాప. మూడు చాపలు పక్కపక్కన కలిపి కుట్టిన ఒకే ఒక్క పెద్ద చాప. రెండు కొసలకీ ఎర్రటి చార.

భార్యాభర్తలిద్దరూ దాన్ని హాల్లో పరిచారు. ఒక కొసన చాప మూల గోడెక్కింది. రెండో కొసన మూల దగ్గర గచ్చు బయటపడింది.

"వంకరగా పరిచాం," అన్నాడు ఆనందరావు. ఇటు కొస అటు తిప్పి పరిచారు. మళ్ళీ అంతే. బోర్లా వేసి పరిచారు. అదే మూల గోడెక్కింది. దీర్ఘచతురస్రానికి ఉన్న మంచి గుణం ఏమిటంటే, ఎటు తిప్పినా, ఎటు మడిచినా ఒకేలా ఉంటుంది. చెడ్డ గుణం కూడా అదే.

"నేసినవాళ్ళకి శ్రద్ధ లేదు," అని ఆనందరావు టేపు తెచ్చాడు. "మూలలు తప్పించారు. చూడు, ఇప్పుడు కర్ణాలు కొలుస్తాను."

చాప కర్ణాలు కొలిచాడు. సమానం. ఇంకోసారి కొలిచాడు. చాప మీద కోపం తగ్గని మనిషి కొలిచినా సమానంగానే వచ్చాయి.

"ఏవండీ," అంది రత్నం, "పోనీ గది కొలవండి."

ఆయన గది కొలిచాడు. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటి. ఆ మూల నుంచి ఈ మూలకి ఇంకొకటి. రెండోసారి కొలవలేదు. చాప మీద, గోడెక్కిన మూల పక్కనే కూర్చుండిపోయాడు. పునాదినాడు కుర్చీ వేసుకున్న అయ్యగారు ఆయన కళ్ళకి కట్టారు.

"వంకరేమన్నా ఉందా?" అంది రత్నం.

"ఉంది."

"చాపదా?"

"కాదు."

రత్నం నాలుగు గోడలూ చూసింది. "అయితే అందుకేనన్నమాట. బీరువా వెనక ఒక పక్క నా చెయ్యి దూరుతోంది, రెండో పక్క వేలు కూడా దూరడంలేదు. నేను లావయ్యాననుకుని రెండు రోజులు రాత్రిపూట అన్నం మానేశాను."

"రత్నం, ఇది సమాంతర చతుర్భుజం."

"ఏదైతేనేం, మనదేగా."

"నీకు తెలీదు. శనివారం స్టాఫంతా వస్తోంది. సీతారామయ్యగారు వస్తున్నారు. ఇది ఆయన కంట్లో పడితే సోమవారానికి నా పేరు ఏమవుతుందో ఆలోచించు."

రత్నం ఆలోచించింది. ఆమెకి కూడా ఆ పేరంటే ఇష్టమే. బజారులో కర్ణాల మాస్టారి భార్యనంటే తూకం కొంచెం జాగ్రత్తగా వేస్తారు.

ఆనందరావు మాబు దగ్గరికి పరుగెత్తాడు. మాబు ఇంకో ఇంటి పని మీద ఉన్నాడు. సంగతంతా తాపీగా విన్నాడు.

"నాకు తెలుసయ్యా. మూల ఇటికలన్నీ చెక్కి పెట్టాల్సొచ్చింది గదా."

"తెలిస్తే చెప్పవేం?"

"వాస్తనుకున్నా."

"మేం వాస్తు చూడం, మాబూ."

"మీ వాళ్ళు చాలామందికి కట్టానయ్యా. అందరూ చూడమనే చెబుతారు. చెప్పి, వంటింటి తలుపు ఇటు కాదు అటు పెట్టమంటారు. ఎందుకంటే గాలి కోసమంటారు. మీరూ లోపల్లోపల ఎవర్నో అడిగి ఒక మూర వాల్పిచ్చారనుకున్నా. పెద్దమనిషి గుట్టుగా చేసుకుంటంటే నేను అడగటం ఏం మర్యాద?"

 తన ఇల్లు రెండు మర్యాదల మధ్య ఒరిగిపోయిందని ఆనందరావుకి అర్థమయింది.

ఇంటికొచ్చి మళ్ళీ చాప ముందు కూర్చున్నాడు. గోడెక్కిన మూలని చూశాడు. అది సన్నగా మొదలై మూరెడు వెడల్పయ్యే త్రిభుజం. లేచి వెళ్ళి రెండో కొసన బయటపడ్డ గచ్చుని చూశాడు. అదీ సన్నగా మొదలై మూరెడు వెడల్పయ్యే త్రిభుజమే. పాత పేపరు ఒకటి తెచ్చి గోడెక్కినంత మేర త్రిభుజం కత్తిరించాడు. దాన్ని తిప్పకుండా, మడవకుండా, అలాగే పట్టుకుని నడిచి ఖాళీ గచ్చు మీద పెట్టాడు.

అచ్చంగా సరిపోయింది.

"రత్నం!" అని కేకేశాడు. "సర్వసమానం! ఈ త్రిభుజం, ఆ త్రిభుజం సర్వసమానం! ఇక్కడ ఎంత ఎక్కువైందో అక్కడ అంతే తక్కువైంది!"

"అమ్మ చాప కోస్తారా?" అంది రత్నం. జామెట్రీ రాకపోయినా ఆయన చూపు ఎటుపోతోందో ఆమెకి తెలుస్తుంది.

"కొయ్యడం కాదు, జరపడం."

"కత్తెరతో జరపడం."

ఆమె చాపని ఒకసారి చేత్తో నిమిరింది. తర్వాత రత్నమే దబ్బనం, పురికొస తెచ్చింది. ఆయన వాలుగా కోశాడు. ఆమె ఆ ముక్కని రెండో కొసన కలిపి కుట్టింది. కోసిన అంచులు విడిపోకుండా పాత చీర చింపి పట్టీ వేసింది. సాయంత్రానికి చాప హాల్లో ఒక్క మూల కూడా గోడెక్కకుండా, గచ్చు కనబడకుండా, ఒద్దికగా పడుకుంది. ఆనందరావు మోకాళ్ళ మీద అలాగే ఉండి దేవుడికి వందనాలు చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన మనస్ఫూర్తిగా చెప్పుకున్న మొదటి వందనాలు అవే.

ఒక్కటే చిక్కు. రెండు కొసల ఎర్ర చారలూ ఇప్పుడు ఒకే కొసన పక్కపక్కన వచ్చాయి. గోడ ఒక దారిన పోతుంటే ఆ జంట చార ఇంకో దారిన పోతోంది. చూసేవాడికి కళ్ళుంటే అది అద్దం పట్టి చూపిస్తుంది. అందుకని సరిగ్గా అక్కడ అయ్యగారి బల్లా కుర్చీ వేయించాడు. తప్పు జరిగిన రోజు దాని మీద కూర్చున్న మనిషినే దాన్ని కప్పడానికీ కూర్చోబెడుతున్నందుకు ఆయనకి ఒకలాంటి తృప్తి కూడా కలిగింది.

శనివారం మధ్యాహ్నం ఆయన సోడాలు చెప్పడానికి బజారుకి వెళ్ళాడు. అదే సమయానికి జ్ఞానమ్మ ఇద్దరు చుట్టాలతో బస్సు దిగి వచ్చింది. రాగానే చాప చూసింది. చూపుడు వేలితో చీర పట్టీని తడిమింది.

"కోశారా?"

రత్నం, "ఇంటికి సరిపడా కుట్టుకున్నామమ్మా. రైక సరిచేసుకున్నట్టు," అంది.

జ్ఞానమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "రైకైనా ఒళ్ళు చూసే గదా కుడతాం," అంది. "సరేగానీ, కానుక ఇచ్చినోళ్ళ చేత్తోనే పరవాలమ్మా. మీరెట్టా పరిచారు? తియ్యండి, దులిపి పరుద్దాం."

రత్నం వంటింట్లో పులిహోర పోపు మాడుతుంటే అటు పరుగెత్తింది. జ్ఞానమ్మా, చుట్టాలూ బల్లా కుర్చీ పక్కకి జరిపి, చాప బయటికి తీసుకెళ్ళి, కర్రతో దులిపి, లోపలికి తెచ్చి, ప్రార్థన చేసి పరిచారు. తుంగ చాపకి ఇటు మొహం, అటు వీపు అని పెద్ద తేడా ఉండదు. వాళ్ళు బోర్లా పరిచారు.

దీర్ఘచతురస్రం ఇలాంటివి సహిస్తుంది. సమాంతర చతుర్భుజం సహించదు. దాన్ని సగం చుట్టు తిప్పితే తన చోట్లో తాను సరిపోతుంది గానీ, బోర్లిస్తే అద్దంలో బొమ్మలా రెండో వైపు ఒరుగుతుంది. గది ఇటు ఒరిగింది, చాప అటు ఒరిగింది. మూరెడు తప్పు రెండు మూరలయింది.

ఆనందరావు గుమ్మంలోకి వచ్చేసరికి ఇదీ దృశ్యం. చాప ఒక మూల గోడెక్కి ఆయన్ని పలకరిస్తోంది. ఎదుటి కొసన రెండు మూరల గచ్చు మీద ఎండ పడి మెరుస్తోంది. గోడ పక్కన నిలబడి, గొడుగు చంకన పెట్టుకుని, దాన్నంతా శ్రద్ధగా చూస్తున్నాడు సీతారామయ్య. ఆయన ఎక్కడికైనా గంట ముందు వస్తాడు, బండి తప్పిపోకుండా.

"రండి మాస్టారూ," అన్నాడు సీతారామయ్య, ఇల్లు తనదైనట్టు. "చాప కొంచెం..."

"పిల్లలు సరిగ్గా పరవలేదండీ," అన్నాడు ఆనందరావు. పిల్లలెవరూ లేరు. అరవై దాటిన జ్ఞానమ్మా, ఆమె చుట్టాలూ నిలబడి ఉన్నారు.

"దాందేముంది, పట్టండి." సీతారామయ్య గొడుగు గోడకి ఆనించి చాప కొస పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని సగం చుట్టు తిప్పారు. పరిచారు. ఏమీ మారలేదు. అదే మూల గోడెక్కింది.

సీతారామయ్య వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. చాప వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. జంట ఎర్ర చార వైపు, దాని పక్కనున్న దబ్బనం కుట్టు వైపు చూశాడు. ఆనందరావు పైకప్పు వైపు చూశాడు.

"బోర్లిద్దామండీ," అన్నాడు సీతారామయ్య నెమ్మదిగా.

బోర్లించారు. చాప నాలుగు మూలలూ వెళ్ళి గది నాలుగు మూలల్లో కుదురుగా కూర్చున్నాయి. సీతారామయ్య చేతులు దులుపుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆనందరావుకి. ఆ నోటికి సోమవారందాకా బోలెడంత టైముంది.

నాలుగయ్యేసరికి ఇల్లు నిండింది. అయ్యగారు జంట చార మీద కూర్చున్నారు. పాటలయ్యాయి. వాక్యమయింది. ఆనందరావుకి ఏదీ వినపడలేదు. ఒక ఇరుకు మూలలో డ్రిల్లు మాస్టారిని, రెండో ఇరుకు మూలలో చర్చి సంఘపెద్దని కూర్చోబెట్టాడు. ఇద్దరూ మూలలు కనబడనిచ్చే శరీరాలు కావు. మిగిలిందల్లా సీతారామయ్య నోరు. దాని ముందు కూర్చోబెట్టడానికి ఎవరూ లేరు.

"ఇప్పుడు పెద్దామె జ్ఞానమ్మగారు సాక్ష్యం చెబుతారు," అన్నారు అయ్యగారు.

జ్ఞానమ్మ పైట సర్దుకుని లేచింది.

"నాకు మాట్టాట్టం రాదండీ. నేను పుట్టింది చుట్టింట్లో. కాపరానికెళ్ళిందీ చుట్టింటికే. గాలివానకి ఓర్చేది అదేనని మా దివిసీమలో అందరం గుండ్రంగానే కట్టుకునేవాళ్ళం. దేవుడు అందులోనే మమ్మల్ని కాపాడాడు, ఆయనకి స్తోత్రం. కానీ చుట్టింట్లో మూలుండదు. చీపురు ఆనిస్తే జారిపోద్ది. పెట్టె గోడకి ఆనదు. ఈ రత్నం చిన్నప్పుడు అలిగితే, కూచుని ఏడవటానికి మూల లేక ఇల్లంతా గుండ్రంగా తిరుగుతా ఏడ్చేది."

అందరూ నవ్వారు. రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూలలున్న ఇల్లు ఒక్కటి నా పిల్లకి ఇయ్యి ప్రభువా అని అడిగాను. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు. మామూలు ఇళ్ళల్లో నాలుగు మూలలూ ఒకటే మాదిరి ఉంటయ్యి. మా అల్లుడుగారు చదువుకున్నోరు గదా, రెండు మూలలు బిగుతుగా కట్టిచ్చారు, రెండు వదులుగా కట్టిచ్చారు!"

ఆనందరావు గుండె ఒక్క క్షణం ఆగి, పరిస్థితి గమనించి, మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇందాక బిగుతు మూలలో చీపురు పెట్టి చూశాను. లాగితేగాని రాలేదు. వదులు మూలలో నేను కూచుని చూశాను. కాళ్ళు బారజాపుకోవచ్చు. నేను చెప్పకుండానే ఎంత ఆలోచించి కట్టిచ్చాడో చూడండి. అట్టాంటి అల్లుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి వందనాలు."

ఆమె కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఇంట్లో ఉన్న తలలన్నీ మూలలవైపు తిరిగాయి. డ్రిల్లు మాస్టారు, అందరూ తన్నే చూస్తున్నారనుకుని, లేచి పక్కకి తప్పుకున్నాడు. ఇరుకు మూల కనబడింది. దాని ఎదుట సంఘపెద్ద కూడా జరిగాడు. రెండో ఇరుకు మూల కనబడింది.

"అవునే," అన్నారెవరో. "ఇది కొంచెం..."

సైన్సు మాస్టారు మెడ వంచి చూస్తున్నాడు. స్టాఫంతా సీతారామయ్య వైపు తిరిగింది. ఇది ఏమిటో చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే.

సీతారామయ్య లేచాడు.

"అయ్యగారు అనుమతిస్తే ఒక్కమాట. నాలుగు మూలలూ సమానంగా ఉండాలని అందరూ అనుకుంటారు. అది అలవాటు, అంతే. చతుర్భుజానికి కావలసిన క్రమశిక్షణ వేరే ఉంది. ఎదుటి భుజాలు సమానంగా ఉండాలి, ఎదుటి మూలలు సమానంగా ఉండాలి. ఈ ఇంట్లో అవి ఉన్నాయి. నేను ఇందాక స్వయంగా చాప పట్టుకుని చూశాను. సగం చుట్టు తిప్పినా ఇది మళ్ళీ ఇదే ఇల్లు. ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు. జ్ఞానమ్మగారు చెప్పినట్టు, చీపురికి చీపురు చోటు, మనిషికి మనిషి చోటు."

ఆయన కూర్చున్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆనందరావు మనసులో రెండుసార్లు సరిచూసుకున్నాడు, అన్నీ నిజాలే.

"ఆమెన్," అన్నారు అయ్యగారు.

సైన్సు మాస్టారు మెడ తిన్నగా పెట్టుకున్నాడు. డ్రిల్లు మాస్టారు పులిహోర తింటూ, తన ఇంటికి అలాంటి వదులు మూల ఒకటి పెట్టాలంటే ఎంతవుతుందని కూడికకి వచ్చిన మాబుని వాకబు చేశాడు. ప్లాను ఆనందరావు మాస్టారిదని, తనకి తెలియదని మాబు గంభీరంగా చెప్పాడు.

వెళ్ళేముందు పాస్టరయ్యగారు ఆనందరావు భుజం తట్టారు. "పునాదినాడు నేను సరిగ్గా నడిమధ్యన కూర్చుని ప్రార్థన చేశాను, జ్ఞాపకముందా? ఇల్లు ఇలా వచ్చిందంటే దాని ఫలితమే."

"అవునండయ్యగారూ," అన్నాడు ఆనందరావు. "మీరక్కడ కూర్చోకపోతే ఇలా వచ్చేది కాదు."

ఆయనకి ఆశ్చర్యమేమిటంటే, ఆ మాట అంటున్నప్పుడు కోపం రాలేదు.

అరుగు మీద సీతారామయ్య కాఫీ గ్లాసుతో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆనందరావు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. 

"మాస్టారూ, మీ రుణం..."

"మేస్త్రి కొలవలేదా?" అన్నాడు సీతారామయ్య.

"కొలుద్దామన్నాడండీ. కర్ణం మీద అయ్యగారు కూర్చున్నారు."

సీతారామయ్య నవ్వలేదు. కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, అటూ ఇటూ చూశాడు.

"మేం పునాదికి ముగ్గు పోసిన రోజున మా మావగారు పడక్కుర్చీ వేసుకున్నారు. సరిగ్గా ఈశాన్యం మూలలో. నిద్రపోయారు. పెద్దాయన. లేపలేక మూలనే జరిపాం."

ఆనందరావు ఆయన వైపు తిరిగాడు.

"మీకు ఎదుటి భుజాలైనా సమానం. అదృష్టవంతులు. మాకు ఏ భుజమూ దేనికీ చుట్టం కాదు. ఎటు తిప్పినా, ఎటు మడిచినా అది దేనికీ సరిపోదు. చాప సంగతి సరే, కేలండరు తగిలిస్తే ఇల్లు వంకరా కేలండరు వంకరా అని మా ఆవిడకీ నాకూ తగువు. ఆరేళ్ళయింది, ఒక్కర్ని పిలిస్తే ఒట్టు. మీరు రోజూ స్టాఫ్ రూములో కర్ణాలు, కర్ణాలు అంటుంటే ఎక్కడ పిలవమంటారు?"

"అందరూ మిమ్మల్ని..."

"పిసినారి అనుకుంటున్నారు. తెలుసు. అది నయమనిపించింది."

 ఆ సాయంత్రం ఆనందరావు దేవుడికి చెప్పాలనుకున్న వందనాలన్నీ తిరగేసి చూసుకున్నాడు. స్థలం, పర్మిట్టు, రత్నం, అత్తగారు. వాటన్నిటి పైన ఇప్పుడు ఇంకొకటి చేరింది. తనకంటే వంకర ఇల్లున్న స్నేహితుడు దొరకడం ఎంత పెద్ద మేలో కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

"రేపు మీ చర్చి అయ్యాక బండికి నాతో గుడివాడ రండి," అన్నాడు సీతారామయ్య గొడుగు తీసుకుంటూ. "భోజనం మా ఇంట్లోనే."

"తప్పకుండా వస్తానండీ."

"టేపు మాత్రం తేకండి."

లోపల జ్ఞానమ్మ వదులు మూలలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. "అల్లుడుగారూ," అంది, "నా మంచం ఇక్కడెయ్యండి. ఎన్నాళ్ళుంటానో ఉంటాను." ఆనందరావు మంచం తెచ్చి వేశాడు. మంచం ఒక పక్క గోడకి ఆనలేదు. ఆ సందులో ఆమె చెంబు, కర్ర, కళ్ళజోడు పెట్టుకుని, ఇంత సదుపాయం తను ఎరగనంది.

సోమవారం క్లాసులో మళ్ళీ చతుర్భుజాలు వచ్చాయి. ఆనందరావు వెదురు చట్రం పైకెత్తి, వేలితో నెట్టి, కర్ణాలు కొలవాలని ఎప్పటిలాగే చెప్పాడు. ఆపైన ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు.

"కర్ణం మీద ఎవరు కూర్చుని ఉన్నాసరే, ఎంత పెద్దవాళ్ళయినా సరే, వందనం చెప్పి లేపండి."

వెనక బెంచీ నుంచి ఒకడు, "లేవకపోతేనండీ?" అన్నాడు.

ఆనందరావు చట్రం బల్లమీద పెట్టి ఆలోచించాడు.

"లేవకపోతే ఒక చాప, ఒక దబ్బనం దగ్గరుంచుకోండి," అన్నాడు.

పిల్లలు అది కూడా రాసుకున్నారు.